సందేహం ఉన్నచోటే సాక్ష్యం

ఛాతీ బరువుగా ఉందంటూ ఒక మనిషి ఆసుపత్రికి వస్తాడు. ఈసీజీ తీస్తారు, రక్తం తీస్తారు. గంటో రెండు గంటలో గడిచాక ల్యాబ్ నుంచి ఒక అంకె వస్తుంది. ఆ క్షణం నుంచి మనిషి చెప్పేదానికి విలువ తగ్గి, అంకె చెప్పేదానికి విలువ పెరుగుతుంది. అంకె తక్కువగా ఉంటే ‘మీకేం లేదు, గ్యాస్ నొప్పి అయ్యుంటుంది’ అంటారు. ఎక్కువగా ఉంటే, నొప్పి పోయిందని అతను ఎంత మొత్తుకున్నా మంచం దిగనివ్వరు. నా ఒంట్లో ఏం జరుగుతోందో చెప్పే అధికారం ఎవరిది? అనుభవిస్తున్న నాదా, నాకు తెలియకుండా నా రక్తంలో తేలే ఒక ప్రొటీన్‌దా? ఈ ప్రశ్నను వైద్యులకు వదిలేస్తే సరిపోదు. ఏది జ్ఞానం, దానికి ఏది ప్రమాణం అని మన దర్శనకారులు శతాబ్దాల తరబడి చేసిన చర్చ ఇవాళ క్యాజువాలిటీ మంచం పక్కకు వచ్చి నిలబడింది. నేను చెప్పదలచుకున్నది ఇది: రక్తపరీక్ష ఇచ్చేది ప్రత్యక్షజ్ఞానం కాదు, అనుమానప్రమాణం, అంటే కనబడే గుర్తును బట్టి కనబడనిదాన్ని తెలుసుకోవడం. అలాంటి జ్ఞానానికి ముందు ఒక సందేహం ఉండాలి. ఆ సందేహాన్ని మోసుకొచ్చేది చాలావరకు రోగే. కాబట్టి పరీక్ష సూక్ష్మమయ్యేకొద్దీ రోగి మాట అవసరం తగ్గదు, పెరుగుతుంది.

17వ శతాబ్దంలో ఆంధ్రదేశానికి చెందిన అన్నంభట్టు, తర్కం కొత్తగా నేర్చుకునేవారి కోసం ‘తర్కసంగ్రహం’ రాశాడు. న్యాయ, వైశేషిక దర్శనాలు చదవబోయేవారికి ఈనాటికీ తొలి వాచకం అదే. అందులో కొండ మీద పొగ కనిపిస్తుంది, నిప్పు కనిపించదు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందని వంటింట్లో పదేపదే చూసి తెలుసుకున్నవాడు, కొండ మీదా నిప్పు ఉందని నిశ్చయించుకుంటాడు. పొగ హేతువు, నిప్పు సాధ్యం, కొండ పక్షం, పొగకూ నిప్పుకూ ఉన్న విడదీయరాని సంబంధం వ్యాప్తి. నిప్పును విడిచి ఉండని పొగ ఈ కొండ మీద ఉందని అన్నిటినీ కలిపి చూసే బుద్ధి పరామర్శ. పరామర్శ జరగకపోతే పొగ కళ్లెదుట ఉన్నా నిప్పు తెలియదు. గుండెపోటు పరీక్షను ఈ చట్రంలో పెట్టి చూస్తే ఎవరి పాత్ర ఏమిటో తేలుతుంది. రోగి గుండె పక్షం, గుండె కండరానికి తగిలిన దెబ్బ సాధ్యం, రక్తంలోకి వచ్చిన ట్రోపోనిన్ అనే ప్రొటీన్ హేతువు. యంత్రం పని పొగను పట్టుకోవడంతో ముగుస్తుంది. పరామర్శ యంత్రానిది కాదు. రిపోర్టు చూడగానే ‘హార్ట్ ఎటాక్ కనబడింది’ అనేవారికి నిజానికి కనబడింది లీటరు రక్తంలో ఇన్ని నానోగ్రాములని మాత్రమే. ఈ తేడా మన వైద్యానికి కొత్త కాదు. చరకసంహిత విమానస్థానంలో రోగాన్ని తెలుసుకునే దారులుగా ఆప్తోపదేశాన్ని, ప్రత్యక్షాన్ని, అనుమానాన్ని వేరువేరుగా చెప్పారు. వైద్యుడు తన నాలుకతో తెలుసుకోలేని శరీరమాధుర్యాన్ని, ఒంటి మీద ఈగలు వాలడాన్ని బట్టి ఊహించమన్నారు. నోటి రుచి ఎలా ఉందో మాత్రం రోగినే అడగమన్నారు. ఈగలను లెక్కపెట్టే పద్ధతి మారింది గానీ అడగవలసిన అవసరం మారలేదు.

గుండెపోటు పరీక్షల చరిత్ర అంతా మంచి హేతువు కోసం జరిగిన వెతుకులాటే. 1954లో న్యూయార్క్‌లో కార్మెన్, వ్రోబ్లెవ్‌స్కీ, లాడ్యూ అనే ముగ్గురు పరిశోధకులు గుండెపోటు తర్వాత రక్తంలో ఎస్‌జీఓటీ అనే ఎంజైమ్ పెరుగుతోందని చూపించారు. ఈరోజు మన ఊళ్లలో ఎస్‌జీఓటీని లివర్ పరీక్షగా తప్ప గుండె పరీక్షగా ఎవరూ ఎరగరు. ఆ హేతువులోని లోపం కూడా అదే. కాలేయం చెడినా, ఒంటి కండరం నలిగినా అది పెరుగుతుంది. సాధ్యం లేనిచోట కూడా కనిపించే హేతువును తార్కికులు సవ్యభిచారం అన్నారు, అంటే దారి తప్పేది. తర్వాత వచ్చిన సీకే-ఎంబీ అనే ఎంజైమ్ పరీక్ష కొంత మెరుగే అయినా ఒంటి కండరాలతో దానికీ చుట్టరికం తెగలేదు. కండరం ముడుచుకోవడంలో కాల్షియం పాత్రను వెతుకుతూ జపాన్ శాస్త్రవేత్త సెత్సురో ఎబాషి 1960లలో ట్రోపోనిన్‌ను గుర్తించాడు. గుండె కండరంలోని ట్రోపోనిన్ టీ, ఐ రకాలు ఒంటి కండరాల్లోని వాటికంటే నిర్మాణంలో వేరు. ఆ వేర్పాటును ఆసరా చేసుకుని 1980ల చివర రక్తపరీక్షలు తయారయ్యాయి. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో హ్యూగో కాటుస్ బృందం చేసిన ట్రోపోనిన్ టీ పరీక్ష వాటిలో ఒకటి. 2000లో ఐరోపా, అమెరికా హృద్రోగ సంఘాలు కలిసి గుండెపోటు నిర్వచనాన్నే తిరగరాసి ట్రోపోనిన్‌ను దాని మధ్యలో నిలబెట్టాయి. అర్ధశతాబ్దపు శ్రమకు దొరికిన ఫలితం అది. దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. గుండె కండరకణం దెబ్బతిన్నదనడానికి ఇంతకు మించిన గుర్తు మనకు లేదు.

అయితే ఆ వ్యాప్తి ఎంతవరకు? ట్రోపోనిన్ పరిమితి దాటితే కండరకణం దెబ్బతిన్నదని చెప్పవచ్చు. ఎందుకు దెబ్బతిన్నదో అది చెప్పదు. గుండె రక్తనాళం పూడుకుపోయినా పెరుగుతుంది, ఊపిరితిత్తుల నాళంలో గడ్డ అడ్డుపడినా పెరుగుతుంది. ఒళ్లంతా ఇన్ఫెక్షన్ పాకినప్పుడు, గుండె కండరం వాచినప్పుడు, గుండె బలహీనపడినప్పుడు కూడా అంతే. మారథాన్ పరుగు ముగించిన ఆరోగ్యవంతుల్లో సైతం పెరుగుతుంది. తర్కంలో దీనికి సరిపోయే పాఠం ఉంది. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది కదా అని తిరగేసి, నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందంటే చెల్లదు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉంది, పొగ లేదు. పొగ రావాలంటే తడికట్టె కూడా ఉండాలి. పైకి చెప్పకుండా చాటున ఉండిపోయే ఆ షరతే ఉపాధి. ‘ట్రోపోనిన్ ఉంది కాబట్టి నాళం పూడుకుంది’ అనేవారు ఉపాధిని మరచిపోతున్నారు. నిర్వచనం రాసినవారు మరవలేదు. 2018లో వచ్చిన నాలుగో సార్వత్రిక నిర్వచనం కండరానికి దెబ్బనూ గుండెపోటునూ వేరు చేసింది. గుండెపోటు అనాలంటే ట్రోపోనిన్ పెరగడమో తగ్గడమో కనిపించాలి, దానితోపాటు రక్తం అందలేదనడానికి మరో ఆధారం ఉండాలి. నొప్పి వంటి లక్షణాలు, ఈసీజీలో కొత్త మార్పు, స్కానింగ్‌లో కదలిక పోయిన భాగం, యాంజియోగ్రామ్‌లో గడ్డ, వీటిలో ఒక్కటైనా కావాలి. రోగి చెప్పిన మాటకు నిర్వచనంలోనే చోటుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల జబ్బుతో ఏళ్లుగా బతుకుతున్న రైతు విషయంలో ఇది అక్షరాలా ప్రాణాధారం. మూత్రపిండాలు చెడినవారిలో చాలామందికి ట్రోపోనిన్ ఎప్పుడూ పరిమితికి పైనే ఉంటుంది. అతని ఒక్క అంకెను చూసి గుండెపోటు అంటే తప్పవుతుంది, ‘వీళ్లకు ఎప్పుడూ ఇంతే’ అని పంపించేస్తే ఇంకా పెద్ద తప్పవుతుంది. రెండు అంకెల మధ్య మార్పు చూడాలి, ఇవాళ ఒంట్లో కొత్తగా ఏముందో అతన్ని అడగాలి.

ఇక సందేహం సంగతి. సాధ్యం ఉందో లేదో అన్న సందేహం ఉన్నచోటే పక్షమని అన్నంభట్టు నిర్వచించాడు. ఆయనకంటే వెయ్యేళ్లకు పైగా ముందు న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు కూడా, బొత్తిగా తెలియని విషయం మీదా నిశ్చయమైపోయిన విషయం మీదా న్యాయం, అంటే తర్కవిచారణ, నడవదని, సందిగ్ధమైన దాని మీదే నడుస్తుందని వివరించాడు. దీన్ని పాఠశాల నియమంగా తీసిపారేయకూడదు. ట్రోపోనిన్ పరిమితి ఎలా గీశారో చూడండి. ఆరోగ్యంగా ఉన్నవారి రక్తాన్ని పరీక్షించి, నూటికి తొంభైతొమ్మిది మంది ఏ అంకె లోపల ఉన్నారో అక్కడ గీత గీశారు. ట్రోపోనిన్ టీ పరీక్షలో అది లీటరుకు 14 నానోగ్రాములు. వాడుకలో ఉన్న ఒక ట్రోపోనిన్ ఐ పరీక్షలో ఆడవారికి 16, మగవారికి 34. అంటే ఆరోగ్యవంతుల్లోనూ నూటికొకరు గీత దాటుతారని ఆ గీత పుట్టుకలోనే ఉంది. గుండె గురించి ఏ అనుమానమూ లేని వెయ్యిమందిని వరుసగా నిలబెట్టి రక్తం తీస్తే, సుమారు పదిమంది కారణం లేకుండానే రోగులవుతారు. అదే పరీక్షను చెమటలు పట్టి, ఎడమచెయ్యి లాగుతోందని వచ్చిన మనిషికి చేస్తే, అదే అంకెకు మరో బరువు వస్తుంది. అంకెలో మార్పు లేదు, దానికి ముందున్న సందేహంలో ఉంది. గీత ఎక్కడ గీయాలో, ఎవరిని ఆరోగ్యవంతులుగా లెక్కించాలో కూడా మనుషులే నిర్ణయించారు. ఇది తెలిసీ హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో కార్డియాక్ మార్కర్లంటూ కట్టగట్టి అమ్మడం నాకు బాధ కలిగిస్తుంది. అక్కడ ప్రశ్న లేకుండానే జవాబు కొనిపిస్తున్నారు.

పరీక్ష ‘ఉంది’ అన్నప్పటికంటే ‘లేదు’ అన్నప్పుడు తత్త్వశాస్త్రం మరింత అవసరమవుతుంది. ఒక వస్తువు లేదని మనకు ఎలా తెలుస్తుంది? కుమారిలభట్టు అనుయాయులైన మీమాంసకులు, అద్వైతులు దీనికి అనుపలబ్ధి అనే వేరే ప్రమాణాన్నే ఒప్పుకున్నారు. న్యాయదర్శనం వారైన నైయాయికులు వేరే ప్రమాణం అక్కర్లేదన్నారు. కానీ ఒక్క షరతు దగ్గర ఇద్దరూ కలుస్తారు. కనబడకపోవడం లేకపోవడానికి సాక్ష్యం కావాలంటే, ఆ వస్తువు అక్కడ ఉండి ఉంటే కనబడి తీరవలసిన పరిస్థితి ఉండాలి. వెలుతురులో నేల మీద కుండ కనబడకపోతే కుండ లేదు. చీకటిలో కనబడకపోతే ఏమీ తేలలేదు. దీన్ని యోగ్యానుపలబ్ధి అన్నారు. గుండెపోటు మొదలైన వెంటనే ట్రోపోనిన్ రక్తంలోకి ఉరకదు. పాత పరీక్షలకు చిక్కాలంటే మూడు నాలుగు గంటలు, ఒక్కోసారి అంతకు మించి పట్టేది. సున్నితత్వం పెరిగిన కొత్త పరీక్షలు ముందే పట్టుకుంటాయి గానీ వాటికీ వ్యవధి కావాలి. అందుకే మొదటి నమూనా ఒక్కటే చూసి గుండెపోటు లేదని చెప్పాలంటే, నొప్పి మొదలై మూడు గంటలు దాటి ఉండాలని, అంకె బాగా తక్కువగా ఉండాలని, లేకపోతే గంటకో రెండు గంటలకో మరో నమూనా తీయాలని ఐరోపా మార్గదర్శకాలు చెబుతున్నాయి. నొప్పి మొదలైన అరగంటకే వచ్చినవాడి రక్తం తీసి, నెగెటివ్ అని ఇంటికి పంపడం చీకట్లో కుండ వెతకడమే. ఆ పరీక్షకు వెలుతురు ఉందా లేదా అన్నది నొప్పి ఎప్పుడు మొదలైందన్న దాని మీద ఆధారపడి ఉంది. ఆ గంట ఏ యంత్రానికీ తెలియదు. రోగో, పక్కన కూర్చున్న మనిషో చెప్పాలి. మరో ప్రమాదం కూడా ఉంది. ఈసీజీలో నాళం పూర్తిగా మూసుకుపోయిన గుర్తులు స్పష్టంగా ఉన్నప్పుడు ట్రోపోనిన్ కోసం ఆగకూడదు. నిశ్చయమైన చోట న్యాయం నడవదన్న వాత్స్యాయనుడి మాట ఇక్కడ నిమిషాల లెక్కలో ప్రాణం నిలుపుతుంది.

పరీక్షకు ముందు సందేహం ఉండాలన్న మాటకు గట్టి ఆక్షేపణ ఒకటుంది. నొప్పి తెలియకుండా వచ్చే గుండెపోట్ల మాటేమిటి? మధుమేహం ఉన్నవారిలో, పెద్ద వయసువారిలో ఛాతీనొప్పి లేకుండానే కండరం చచ్చిపోవచ్చు. ఆయాసమో నీరసమో తప్ప వారికేమీ తెలియదు, ఒక్కోసారి అదీ ఉండదు. మనిషి మౌనంగా ఉన్నప్పుడు రక్తమే నిజం చెబుతోంది కదా, అలాంటప్పుడు మనిషి సందేహాన్ని షరతుగా పెట్టడం క్రూరం కాదా? ఈ ఆక్షేపణకు తర్కశాస్త్రంలోనే బలం దొరుకుతుంది. అనుమానానికి సందేహం తప్పనిసరి కాదని నవ్యనైయాయికులు పాత లక్షణాన్ని సవరించారు. ఇంట్లో కూర్చున్నవాడికి ఉరుము వినబడగానే మబ్బు పట్టిందని తెలుస్తుంది, అంతకుముందు అతనికి మబ్బు గురించి సందేహమేమీ లేదు. ఈ సవరణ సరైనదే, నేను ఒప్పుకుంటాను. కానీ ఉరుముకు గీత అక్కర్లేదు. మబ్బు లేకుండా నూటికొకసారి ఉరమదు. వ్యాప్తి అంత గట్టిగా ఉన్నచోట హేతువు ఒంటరిగా నిలబడగలదు. వ్యాప్తి సడలినచోట, హేతువుకు పది కారణాలున్నచోట, దానికి ఊతం బయటి నుంచి రావాలి. పైగా సందేహం నొప్పి రూపంలోనే రావాలని నేను అనడం లేదు. ఇరవయ్యేళ్ల మధుమేహం ఒక సందేహం, రెండు మెట్లెక్కగానే కొత్తగా వచ్చిన ఆయాసం ఒక సందేహం, ‘ఈ మధ్య మనిషి మునుపటిలా లేదు’ అని ఇల్లాలో భర్తో చెప్పే మాట ఒక సందేహం. నొప్పిలేని గుండెపోటును పట్టుకునే వైద్యుడు మనిషిని వదిలేసి రక్తం దగ్గరకు వెళ్లినవాడు కాదు. మనిషిని మామూలుకంటే ఎక్కువగా విచారించినవాడు.

రెండో ఆక్షేపణ చార్వాకులది. అన్ని కాలాల్లో, అన్ని చోట్లా ఉన్న పొగలను చూసినవాడెవడూ లేడు కాబట్టి వ్యాప్తి తెలియడమే అసాధ్యం, అనుమానం ప్రమాణమే కాదన్నారు వాళ్లు. ట్రోపోనిన్ ఇన్ని రకాలుగా దారి తప్పుతుంటే దాన్ని నమ్మడమెందుకని ఎవరైనా అడిగితే అది ఈ వాదపు ఛాయే. నైయాయికుడైన ఉదయనుడు ఇచ్చిన సమాధానం నాకు సరిగా తోస్తుంది. శంకకు హద్దు ఆచరణలో ఉంది. నిప్పుకూ పొగకూ సంబంధాన్ని శంకించేవాడు కూడా పొగ కావలసినప్పుడు నిప్పే రాజేస్తాడు. జ్ఞానం నిజమైనదా కాదా అన్నది దాన్ని నమ్మి చేసిన పని ఫలించడాన్ని బట్టి తెలుస్తుందని న్యాయమతం. దీన్ని ప్రవృత్తిసామర్థ్యం అన్నారు. ఈ కొలబద్దతో సున్నితమైన ట్రోపోనిన్ పరీక్షను నిజంగానే కొలిచారు. స్కాట్లండ్‌లో పది ఆసుపత్రుల్లో 48,282 మంది రోగుల మీద చేసిన అధ్యయనం 2018లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చింది. పాత పరీక్షకు చిక్కనివారిలో 1,771 మందికి గుండె కండరం దెబ్బతిన్నదని కొత్త పరీక్ష కొత్తగా చూపించింది. వారిలో నాళంలో గడ్డవల్ల వచ్చే గుండెపోటు ఉన్నది మూడోవంతు మందికే. ఏడాది లోపల మళ్లీ గుండెపోటు రావడం గానీ, గుండెజబ్బుతో చనిపోవడం గానీ తగ్గలేదు. ఎక్కువమందిలో పొగ కనిపెట్టారు, ఆర్పిన మంటలు మాత్రం పెరగలేదు. అదే దేశంలో అదే పరీక్షను, గుండెపోటు లేదని త్వరగా తేల్చడానికి వాడినప్పుడు ఫలితం వేరుగా వచ్చింది. 2021లో ప్రచురించిన అధ్యయనంలో రోగులు ఆసుపత్రిలో గడిపిన సమయం సగటున పది గంటల నుంచి ఏడు గంటల లోపుకు తగ్గింది, ఇంటికి వెళ్లినవారికి అదనంగా హాని కలిగినట్టు కనబడలేదు. సాధనం ఒకటే, అడిగిన ప్రశ్న వేరు. ప్రశ్న సరిగా కుదిరినచోట జ్ఞానం ఫలించింది.

స్కాట్లండ్ అధ్యయనంలో స్త్రీల గురించి తేలిన విషయం నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. వాళ్లకు వేరే గీత పెట్టాక, గుండె దెబ్బతిన్నదని కొత్తగా తేలినవారిలో మగవారికంటే ఆడవారే చాలా ఎక్కువ. అయినా మగవారికి అందిన చికిత్సలో వాళ్లకు అందింది సుమారు సగమే. రక్తం మాట్లాడితే చాలు, వివక్ష దానంతటదే పోతుందని ఆశపడేవారికి ఇది జవాబు. స్త్రీ చెప్పిన మాటను తేలిగ్గా తీసుకునే అలవాటు ఉన్నచోట ఆమె రక్తం చెప్పిన మాటనూ తేలిగ్గానే తీసుకుంటారు. అంకె తనంతట తాను ఎవరినీ కదిలించలేదు. పరామర్శ చేయవలసిన బుద్ధిలోనే లోపం ఉంటే హేతువు ఎంత శుద్ధమైనదైనా ఏం లాభం?

జరిగిపోయిన దెబ్బను చెప్పే పరీక్షల సంగతి ఇంతవరకు. రాబోయే జబ్బును ముందే చెబుతామనే పరీక్షల దగ్గర మరింత జాగ్రత్త కావాలి. న్యాయసూత్రాలు రాసిన గౌతముడు అనుమానాన్ని మూడు రకాలు చేశాడు. వాటిలో వరదనీటిని చూసి పైన వాన పడిందనుకోవడం ఒకటి, మబ్బు చూసి వాన పడబోతుందనుకోవడం మరొకటి. ట్రోపోనిన్ మొదటి తరగతిది. కొలెస్టరాల్, సీఆర్‌పీ, హోమోసిస్టీన్ రెండో తరగతివి. కమ్మిన ప్రతి మబ్బూ కురవదు. హోమోసిస్టీన్ ఎక్కువగా ఉన్నవారికి గుండెజబ్బులు ఎక్కువని చూసి, బీ విటమిన్లిచ్చి దాన్ని తగ్గించారు. అంకె తగ్గింది, గుండెపోట్లు తగ్గలేదని 2006లో వచ్చిన పెద్ద అధ్యయనాలు చూపించాయి. మంచి కొలెస్టరాల్‌ను మందులతో పెంచినా ఆశించిన మేలు జరగలేదు. చెడు కొలెస్టరాల్ మాత్రం వేరు. తగ్గించిన కొద్దీ గుండెపోట్లు తగ్గాయి, అంటే అది గుర్తు మాత్రమే కాదు, కారణం కూడా. ఈ తేడా తెలియకుండా రిపోర్టులో ఎర్రగా కనబడిన ప్రతి అంకెకూ మందు వేసుకోవడం పొగను విసనకర్రతో చెదరగొట్టడమే.

ఇప్పుడు మన ల్యాబ్ రిపోర్టులను ఒకసారి చూడండి. పరీక్ష పేరు, వచ్చిన అంకె, కొలమానం, ఆరోగ్యవంతుల పరిమితి ఉంటాయి. రక్తం ఏ గంటకు తీశారో చాలాసార్లు ఉంటుంది. నొప్పి ఏ గంటకు మొదలైందో ఉండదు, ఈ పరీక్ష ఏ సందేహంతో రాశారో ఉండదు, నిన్నటి అంకె పక్కన ఉండదు. ట్రోపోనిన్ పరీక్ష రాసే ప్రతి చీటీలోనూ ఈ మూడింటికి గడులు ఉండాలని, అవి నింపకుండా నమూనా తీసుకోకూడదని నేను కోరుతున్నాను. దానికి కొత్త యంత్రం అక్కర్లేదు, ఖర్చు లేదు. రోగి దగ్గర రెండు నిమిషాలు కూర్చుని, నొప్పి ఎప్పుడు మొదలైందమ్మా, ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా వచ్చిందా అని అడిగి రాసుకుంటే చాలు.